అప్‌డేట్: పాత గేమింగ్ పీసీ, ఒక్కో పార్ట్ మార్చుకుంటూ

నా పీసీలో మొదట ఉన్నవి: రైజెన్ 5 2600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, ఒకే ఒక్క 8 జీబీ ర్యామ్ స్టిక్, జీటీఎక్స్ 1050 టీఐ గ్రాఫిక్స్ కార్డు. ఉన్న కొద్ది డబ్బు ముందు దేనిమీద పెట్టాలని ఇంతకుముందు ఇక్కడ మిమ్మల్ని అడిగాను. నా మనసంతా గ్రాఫిక్స్ కార్డు మీదే ఉండేది. మీరు ముందు ర్యామ్, పవర్ సప్లై చూడమన్నారు. విన్నందుకు చాలా సంతోషంగా ఉంది.

అలాంటిదే ఇంకో 8 జీబీ స్టిక్ కొని, మాన్యువల్ చూసి రెండో, నాలుగో స్లాట్లలో పెట్టాను. డ్యుయల్ చానల్ వచ్చింది, అంటే ఇప్పుడు రెండు స్టిక్‌లూ కలిసి ఒకేసారి పనిచేస్తున్నాయి. తీరా చూస్తే 3000 స్పీడ్ ఉన్న నా ర్యామ్ ఇన్నాళ్లూ 2133 స్పీడ్ దగ్గరే నడుస్తోంది! బయోస్‌లో (పీసీ ఆన్ కాగానే తెరుచుకునే బోర్డు సెట్టింగ్స్‌లో) ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ను దాని అసలు స్పీడ్‌లో నడిపే సెట్టింగ్, ఆన్ చేశాను, అంతే. గేమ్ మధ్యలో ఆగి ఆగి కదలడం చాలావరకు పోయింది. ఈ సెట్టింగ్ మార్చడానికి పైసా ఖర్చు లేదు, దయచేసి అందరూ ఒకసారి చూసుకోండి.

తర్వాత 550 వాట్ల పవర్ సప్లై. పాతదానికి కొత్త గ్రాఫిక్స్ కార్డుకు కరెంటు ఇచ్చే 8 పిన్ కనెక్టరే లేదు. కొన్ని నెలలు ఆగి సెకండ్‌హ్యాండ్ ఆర్‌ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డు తీసుకున్నాను. కొనేముందు అరగంట గేమ్ ఆడించి టెంపరేచర్ చూశాను, ఆ అరగంటా టెన్షనే.

ఇక మిగిలింది ప్రాసెసర్. ఇదే బోర్డులో రైజెన్ 5 5600 పడుతుంది. కొత్తదాన్ని బోర్డు గుర్తుపట్టాలి కాబట్టి, పాత ప్రాసెసర్ తీయకముందే బయోస్ అప్‌డేట్ చేస్తాను.