ఇంటి కెమెరాలకు కంప్యూటర్ తీసేసి ఎన్‌వీఆర్ (కెమెరాల వీడియో రికార్డు చేసే పెట్టె) పెట్టడం సరైన పనేనా?

తెనాలి వాసి:
అమ్మానాన్న తెనాలిలో, నేను పుణెలో. నాలుగేళ్ల కిందట ఇంటి చుట్టూ నాలుగు ఐపీ (నెట్‌వర్క్ మీద నడిచే) కెమెరాలు పెట్టి, నా పాత డెస్క్‌టాప్‌లో బ్లూ ఐరిస్ అనే సాఫ్ట్‌వేర్ వేసి రికార్డింగ్ నడుపుతున్నాను. సాఫ్ట్‌వేర్ బాగుంది, గొడవంతా కంప్యూటర్‌తోనే. పోయిన నెల కరెంటు పోయి వచ్చాక అది మళ్లీ ఆన్ కాలేదు. తొమ్మిది రోజులు రికార్డింగ్ లేదు. ఎదురింట్లో దొంగతనం జరిగి పోలీసులు వీడియో అడిగితేగానీ ఆ సంగతి బయటపడలేదు. "మన కెమెరాలు ఉన్నాయిలే అని వాళ్లకు ధైర్యం చెప్పేవాణ్ణిరా" అన్నారు నాన్న. ఆ మాట ఇంకా గుచ్చుతోంది. పైగా అది విండోస్ 10 మిషన్. 2025 అక్టోబరు 14 తర్వాత దానికి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. ఎనిమిది ఛానెళ్ల (ఎనిమిది కెమెరాలు పట్టే) ఎన్‌వీఆర్ కొందామనుకుంటున్నాను. వద్దనేవాళ్లు ఎందుకు వద్దో చెప్పండి.

పెంగ్విన్ గూడు:
నేను వద్దనే అంటాను. కరెంటు రాగానే దానంతట అదే ఆన్ అయ్యే సెట్టింగ్ బయాస్‌లో (విండోస్ కంటే ముందు నడిచే సెటప్‌లో) ఉంటుంది. చాలా మిషన్లలో అది ఆఫ్‌లో ఉంటుంది, అంతే. విండోస్ తీసేసి లైనక్స్ మీద ఫ్రిగేట్ అనే కెమెరా రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వేయండి, ఉచితం. కెమెరా ఇచ్చే చిన్న (తక్కువ క్వాలిటీ) స్ట్రీమ్‌లో మనిషినీ కుక్కనీ గుర్తుపట్టి, పెద్ద (పూర్తి క్వాలిటీ) స్ట్రీమ్‌ని రికార్డు చేస్తుంది. చవక ఎన్‌వీఆర్‌లు చెట్టు ఊగినా అలర్ట్ పంపుతాయి. విసుగొచ్చి వారంలో నోటిఫికేషన్లు ఆపేస్తారు. అప్పుడు కెమెరా ఉండీ లేనట్టే. ఇంకోటి, వేరే కంపెనీ కెమెరా తగిలిస్తే ఆన్‌విఫ్ (వేర్వేరు కంపెనీల కెమెరాలు కలిసి పనిచేసే ఉమ్మడి పద్ధతి) ద్వారా వీడియో వస్తుంది కానీ, మనుషుల్ని గుర్తించే ఫీచర్లు చాలాసార్లు పనిచేయవు.

కెమెరాల మెకానిక్:
పెంగ్విన్ గూడు గారూ, మీరు చెప్పింది నిజమే. కానీ తెనాలిలో దాన్ని చూసేదెవరండీ? లైనక్స్‌లో ఏదైనా ఆగితే పెద్దాయన ఎవరిని పిలుస్తారు? ఎన్‌వీఆర్ అయితే ఊళ్లో ఏ కుర్రాడైనా వచ్చి చూస్తాడు.

కరెంటు లెక్క కూడా చూడండి. డెస్క్‌టాప్ 80 వాట్లు అనుకుంటే నెలకు 58 యూనిట్లు. డిస్క్‌తో కలిపి ఎన్‌వీఆర్ 15 వాట్లు అనుకుంటే 11 యూనిట్లు. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది.

అసలు అందరూ దెబ్బతినేది డిస్క్ దగ్గర. ఒక్కో కెమెరా 4 ఎంబీపీఎస్‌తో (సెకనుకు 4 మెగాబిట్లు) 24 గంటలూ రికార్డు చేస్తే రోజుకు 43 జీబీ. నాలుగింటికి 173. షాపువాళ్లు 2 టీబీ డిస్క్ పెట్టి పంపిస్తారు, అది 11 రోజులకే నిండి పాతవాటి మీద రాసేస్తుంది. 4 టీబీ పెడితే 23 రోజులు వస్తుంది. మామూలు డిస్క్ వద్దు, వెస్ట్రన్ డిజిటల్ పర్పుల్, సీగేట్ స్కైహాక్ లాంటివి ఇలా ఆగకుండా రాసే పనికోసమే చేశారు. టైమ్ ఇంటర్నెట్ నుంచి సెట్ అయ్యేలా పెట్టండి. గంట అటూ ఇటూ ఉన్న వీడియో పోలీసులకు ఇస్తే వాళ్లు తిప్పలు పడతారు.

పెంగ్విన్ గూడు:
కరెంటు గురించైతే పాత డెస్క్‌టాప్‌తో పోల్చకండి. ఇంటెల్ ఎన్100 మినీ పీసీ కూడా ఎన్‌వీఆర్‌కి దగ్గరగానే తాగుతుంది. నా భయం వేరు. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ డీవీఆర్‌లనీ (పాత రకం రికార్డింగ్ పెట్టెలు) ఐపీ కెమెరాలనీ పట్టుకునే అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లను పడగొట్టింది. కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ ఎవరూ మార్చకపోవడమే దానికి దారి. ఎన్‌వీఆర్‌కి కంపెనీ అప్‌డేట్లు ఆపేస్తే మీరేం చేస్తారు?

కెమెరాల మెకానిక్:
ఆ భయం నాకూ ఉంది. అందుకే రూటర్‌లో పోర్ట్ ఫార్వార్డింగ్ (బయటి ఇంటర్నెట్‌కి నేరుగా తలుపు తెరవడం) పెట్టమంటే నేను పెట్టను, ఆ తలుపులు దానంతట అదే తెరిచే యూపీఎన్‌పీ కూడా ఆపేస్తాను. బయటినుంచి చూడాలంటే వీపీఎన్ (ఇంటి నెట్‌వర్క్‌లోకి తాళం ఉన్న దారి). పాస్‌వర్డ్ మొదటి రోజే మార్చాలి. అయినా అప్‌డేట్లు లేని విండోస్ 10 మాత్రం ఏం కాపాడుతుంది?

నల్లకుంట:
మా ఇంట్లో రెండూ ఉన్నాయి. రికార్డింగ్ ఎన్‌వీఆర్‌లో, అలర్టులు మినీ పీసీలో ఫ్రిగేట్‌తో. పీసీ ఆగిపోయినా వీడియో ఆగదు.

తెనాలి వాసి:
నల్లకుంట గారి పద్ధతి నచ్చింది, కానీ మొదట ఎన్‌వీఆర్ ఒక్కటే పెడతాను. దాన్ని హాల్లో టీవీకి హెచ్‌డీఎంఐతో కలిపితే నాన్న మౌస్‌తో గేటు దగ్గర ఎవరున్నారో తనే చూసుకుంటారు. నాలుగేళ్లలో నేను ఆయనకు ఆ వీలే ఇవ్వలేదు, రోజూ నాకు ఫోన్ చేసి అడిగేవారు. అలర్టులు సరిగా రాకపోతే సంక్రాంతికి వెళ్లినప్పుడు ఫ్రిగేట్ కలుపుతాను. మెకానిక్ గారూ, పాత పీఓఈ స్విచ్ (నెట్‌వర్క్ కేబుల్‌లోనే కెమెరాలకు కరెంటు ఇచ్చేది) బాగానే ఉంది. దాన్నే ఉంచి, పీఓఈ లేని ఎన్‌వీఆర్ తీసుకోవచ్చా?

కెమెరాల మెకానిక్:
అదే తీసుకోండి. ఎన్‌వీఆర్ వెనక పీఓఈ పోర్టులకు కలిపితే మామూలుగా కెమెరాలు వేరే నెట్‌వర్క్‌లోకి వెళ్లిపోతాయి, రేపు ఫ్రిగేట్‌కి నేరుగా దొరకవు. స్విచ్‌నీ రూటర్‌నీ కూడా ఇన్వర్టర్ లైనులోనే పెట్టించండి.