క్లోన్ చేసిన సర్వర్‌కి పాత సర్వర్ ఐపీయే వస్తోంది. సర్వీసులోకి దించేముందు ఏమేం మార్చాలి?

ప్రశ్న:
ప్రాక్స్‌మాక్స్‌లో (వర్చువల్ మెషీన్లు నడిపే సాఫ్ట్‌వేర్) ఉబుంటు 22.04 వీఎం, అంటే వర్చువల్ మెషీన్, క్లోన్ చేశాను. మ్యాక్ అడ్రస్ కొత్తదే పడింది, హోస్ట్‌నేమ్ కూడా మార్చాను. అయినా డీహెచ్‌సీపీ (ఐపీలు పంచే సర్వీసు) నుంచి పాత సర్వర్ ఐపీయే వస్తోంది. ఇందులో మైఎస్‌క్యూఎల్ 8.0 డేటాబేస్ ఉంది, జీటీఐడీ (ప్రతి ట్రాన్సాక్షన్‌కీ సర్వర్ గుర్తింపు, వరుస నంబరు కలిపి ఇచ్చే గుర్తు) ఆన్‌లో ఉంది. పాత సర్వర్‌కి దీన్ని రెప్లికాగా, అంటే అక్కడి మార్పులు తెచ్చుకునే నకలుగా పెట్టాలి. ఇంకా మార్చాల్సినవి ఏమున్నాయండీ?

జవాబు 1:
ఐపీ గొడవ మెషీన్ ఐడీ (ఒక్కో సిస్టమ్‌కి విడిగా ఉండాల్సిన గుర్తింపు) వల్ల. ఉబుంటు సర్వర్‌లో నెట్‌వర్క్ చూసుకునే సిస్టమ్‌డీ నెట్‌వర్క్‌డీ డీహెచ్‌సీపీకి మ్యాక్ చెప్పి ఊరుకోదు, మెషీన్ ఐడీ నుంచి తయారైన గుర్తింపు పంపుతుంది. క్లోన్‌లో అది పొల్లుపోకుండా పాతదే. ఈటీసీ కింద ఉన్న మెషీన్ ఐడీ ఫైల్‌ని డిలీట్ చేయకండి, ట్రంకేట్‌తో సున్నా బైట్లు చేయండి. రీబూట్‌లో కొత్తది రాసుకుంటుంది. ముందు వార్ లిబ్ కింద డీబస్ ఫోల్డర్‌లోని మెషీన్ ఐడీ కూడా చూడండి. అది ఈటీసీలోని ఫైల్‌నే చూపే సింబాలిక్ లింక్ అయితే సరే. విడి ఫైల్ అయితే సిస్టమ్‌డీ అందులోంచి పాత ఐడీనే మళ్లీ తెచ్చిపెడుతుంది.

ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్ కీలు (రిమోట్‌గా లాగిన్ అయ్యేవాళ్లకి సర్వర్ తనెవరో చూపేవి) కూడా మార్చాలి. మూడు జతలు, అంటే ఆరు ఫైళ్లు. కన్సోల్‌లోంచి తీసేసి, వెంటనే ఓపెన్ ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ ప్యాకేజీని డీపీకేజీ రీకాన్ఫిగర్ చేయండి. కీలు తీసేసి అలాగే రీబూట్ చేస్తే ఎస్‌ఎస్‌హెచ్ లేవకపోవచ్చు.

జవాబు 2:
పై వాటికన్నా మైఎస్‌క్యూఎల్ సంగతి ముఖ్యం. డేటా ఫోల్డర్‌లో ఆటో డాట్ సీఎన్‌ఎఫ్ అనే చిన్న ఫైల్‌లో సర్వర్ యూయూఐడీ (మైఎస్‌క్యూఎల్ తనకి తాను ఇచ్చుకునే గుర్తింపు) ఉంటుంది. సర్వీస్ ఆపి ఆ ఫైల్ పక్కకు తీసి స్టార్ట్ చేస్తే కొత్త యూయూఐడీ వస్తుంది. కాన్ఫిగ్‌లో సర్వర్ ఐడీ నంబర్ కూడా వేరే ఇవ్వండి. రెండింటి యూయూఐడీ ఒకటే అయితే రెప్లికేషన్ మొదలే కాదు, ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. అది నయం, కంటికి కనబడుతుంది.

కనబడనిది ఇంకోటి ఉంది. యూయూఐడీ మార్చకముందే క్లోన్‌లో ఏదైనా రైట్ జరిగితే, దాని జీటీఐడీ పాత సర్వర్ పేరుతోనే పడుతుంది. తర్వాత సోర్స్ (పాత సర్వర్) నుంచి అదే నంబరుతో అసలు ట్రాన్సాక్షన్ వస్తే, ఇది అప్పుడే అయిపోయిందనుకుని రెప్లికా దాన్ని వదిలేస్తుంది. ఎర్రర్ ఉండదు, డేటా మాత్రం తేడా. 8.0లో ఈవెంట్ షెడ్యూలర్ డీఫాల్ట్‌గా ఆన్, అంటే బయటినుంచి ఎవరూ రాకపోయినా రైట్లు జరగొచ్చు.

ప్రశ్న అడిగినవారు:
క్లోన్ ఇప్పటికే రెండుసార్లు బూట్ అయింది, మైఎస్‌క్యూఎల్ కూడా లేచింది. రెండువైపులా జీటీఐడీ సెట్ పోల్చి చూస్తే సరిపోతుందా?

జవాబు 2:
సరిపోదండీ. నంబర్లు కలిసినా లోపలి ట్రాన్సాక్షన్లు వేరు కావచ్చు. ఆ క్లోన్ పారేసి కొత్తది తీయండి. ఈసారి హార్డ్‌వేర్ ట్యాబ్‌లో నెట్‌వర్క్ కార్డుకి డిస్‌కనెక్ట్ టిక్ పెట్టి, గ్రబ్‌లో (బూట్ మెనూ) కెర్నల్ లైన్ చివర మైఎస్‌క్యూఎల్, క్రాన్ (వేళకి జాబులు నడిపేది) రెండు సర్వీసులనూ మాస్క్ చేసి, అంటే వాటంతట అవి లేవకుండా ఆపి, బూట్ చేయండి. పైన చెప్పిన మార్పులు అప్పుడు చేయండి. సోర్స్‌లో బిన్‌లాగ్ (రెప్లికా చదువుకునే మార్పుల లాగ్) డీఫాల్ట్‌గా 30 రోజులు ఉంటుంది. తగ్గించి ఉంటే క్లోన్ తీసిన సమయం నుంచి లాగ్‌లు ఉన్నాయో లేదో చూసుకోండి.

జవాబు 3:
పోస్ట్‌ఫిక్స్ (మెయిల్ పంపే సర్వీసు) ఉంటే దాన్నీ మాస్క్ చేయండి. క్యూలో ఆగిన మెయిళ్లు క్లోన్‌తో పాటే వస్తాయి. నెట్‌వర్క్ కలపగానే కస్టమర్లకి రెండోసారి వెళ్తాయి. కలిపేముందే క్యూ ఖాళీ చేయండి. బ్యాకప్ క్రాన్ జాబులు కూడా ఒక్కొక్కటి తెరిచి చూడాలి. పాత సర్వర్ ఫోల్డర్‌లోకే రాస్తుంటే మంచి బ్యాకప్ మీద క్లోన్ బ్యాకప్ పడుతుంది.