ఏడో సెమిస్టరులో ఏ స్టూడియో: సామూహిక గృహనిర్మాణమా, మండువా లోగిళ్ళ పరిరక్షణా?

ప్రశ్న: నాలుగో సంవత్సరం విద్యార్థిని, హైదరాబాదు

ఆర్కిటెక్చర్ డిగ్రీ బీఆర్క్‌లో మూడో సంవత్సరం పూర్తయింది. వచ్చే నెల మొదలయ్యే ఏడో సెమిస్టరుకు మా కాలేజీలో రెండు డిజైన్ స్టూడియోలలో (సెమిస్టరంతా ఒకే ప్రాజెక్టు మీద పనిచేసే తరగతులలో) ఒకటి ఎంచుకోమన్నారు. మొదటిది నగరం అంచున అల్పాదాయ కుటుంబాల కోసం సామూహిక గృహనిర్మాణం. రెండోది కోనసీమలో ఒక మండువా లోగిలిని (నడుమ ఆకాశానికి తెరిచిన మండువా ఉన్న పాతకాలపు పెంకుటింటిని) కొలిచి, గీసి, దాని పరిరక్షణకు ప్రతిపాదన తయారుచేయడం. నాకు మనసు రెండోదాని మీదే ఉంది. అయితే హైదరాబాదులో ఉద్యోగాలన్నీ అపార్టుమెంట్లు కట్టే ఆఫీసుల్లోనే ఉంటాయని, పోర్ట్‌ఫోలియోలో పాత ఇంటి కొలతలు చూపిస్తే ఇంటర్వ్యూకు కూడా పిలవరని సీనియర్లు అంటున్నారు. ఈ రెండింటిలో ఏదో ఒకటి చేసినవారు, చేయించినవారు సలహా ఇవ్వగలరా?

జవాబు 1: ప్రాక్టీసులో ఉన్న ఆర్కిటెక్ట్, రాజమహేంద్రవరం

మీరు కోనసీమకే వెళ్ళండి. మొదటి ఆరు సెమిస్టర్లలో మీరు గీసిన గోడలన్నీ కాగితం మీద రెండు సమాంతర రేఖలే తప్ప, ఏ గోడ ఎందుకు నిలబడిందో, ఎందుకు చెమ్మగిల్లుతోందో తెలుసుకునే అవసరం మీకు ఇంతవరకు వచ్చి ఉండదు. మండువాలో నాలుగు వైపుల పెంకు కప్పులు లోపలికి వాలి కలిసే మూలలను దగ్గరగా చూడండి. కారడం సాధారణంగా అక్కడ తుప్పుపట్టిన రేకు దగ్గరే మొదలవుతుంది, ఆ నీరే కింద ఉన్న దూలం కొసను పుచ్చబెడుతుంది. సున్నపు గోడకు ఈమధ్య ఎవరైనా సిమెంటు పూత వేయించి ఉంటే, లోపలి తేమ బయటికి పోయే దారి లేక నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తు వరకు ఉప్పు పొంగి, పూత పెచ్చులుగా రాలుతుంది. హైదరాబాదులోని కుతుబ్‌షాహీ సమాధుల పునరుద్ధరణలో ఇరవయ్యో శతాబ్దపు సిమెంటును తొలగించి, మళ్ళీ సున్నపు పూతే వేయవలసి వచ్చింది.

ఉద్యోగం గురించి దిగులు అనవసరం. కొత్తగా చేరినవారికి ఏ ఆఫీసులోనైనా మొదట ఇచ్చేది మునిసిపల్ అనుమతి డ్రాయింగులూ, మెట్ల వివరాలూ, టాయిలెట్ వివరాలూ. గోడ కోతను (నిలువు సెక్షన్‌ను) 1:20 స్కేలులో తప్పులేకుండా గీయగలిగినవారిని ఎవరూ వద్దనరు.

జవాబు 2: గృహనిర్మాణ ప్రాజెక్టులలో పనిచేస్తున్న ఆర్కిటెక్ట్, హైదరాబాదు

పై జవాబులో గోడల గురించి చెప్పినది నిజమే, కానీ మొదటి స్టూడియోను మరీ తేలికగా తీసిపారేశారు. తెలంగాణలో డబుల్ బెడ్‌రూమ్ పథకం కింద ఒక్కో ఇంటికి నిర్దేశించిన వైశాల్యం 560 చదరపు అడుగులు. హైదరాబాదు శివార్లలోని ఒక్క కొల్లూరులోనే అటువంటి ఇళ్ళు 15,660 కట్టారు. ఆ కొలతలో కుట్టుమిషను ఎక్కడ పెడతారు, ముసలామె మంచం ఎక్కడ వేస్తారు, తొమ్మిదో అంతస్తులో లిఫ్టు ఆగిన రోజున నీళ్ళ బిందె ఎలా పైకి చేరుతుంది అన్న ప్రశ్నలకు ప్లానులోనే సమాధానం చెప్పవలసిన శిక్షణ మరెక్కడా దొరకదు. ఇండోరులోని అరణ్య కాలనీలో ఆర్కిటెక్ట్ బాలకృష్ణ దోషి పూర్తి ఇంటికి బదులు స్థలమూ, పునాదీ, నీటి వసతులున్న ఒక చిన్న భాగమూ ఇచ్చి, మిగిలినది కుటుంబాలు తమ వీలును బట్టి కట్టుకునేలా ఏర్పాటు చేశారు. అలాంటి ఆలోచనకు చోటిచ్చే స్టూడియో అయితే కళ్ళు మూసుకుని చేరవచ్చు.

అయితే ఒక హెచ్చరిక. చాలా కాలేజీల్లో ఈ స్టూడియో పేరుతో జరిగేది ఒక యూనిట్ గీసి, దాన్ని వంద సార్లు అతికించి, చివరి వారమంతా రెండర్ల (కంప్యూటరులో చేసే రంగుల చిత్రాల) మీద గడపడమే. నిరుటి బ్యాచ్ జ్యూరీకి (సెమిస్టరు చివర పనిని పరీక్షించేవారికి) చూపించిన షీట్లు అడిగి తెప్పించుకోండి. వాటిలో ఒక్క ఇంటినైనా సామానుతో సహా పెద్ద స్కేలులో గీసి ఉంటే సరే, లేకపోతే మీ మనసు చెప్పినదే మంచిది.

ప్రశ్నించినవారు

షీట్లు చూశాను. ఇరవై అంతస్తుల భవనాలూ, సాయంకాలపు ఆకాశాలూ తప్ప ఇంటి లోపల మంచం కూడా కనిపించలేదు. కోనసీమ స్టూడియో షీట్లలో కొలతలు బాగానే ఉన్నాయి కానీ, ప్రతిపాదన మాత్రం అందరిదీ ఒక్కటే: ఇంటిని హోమ్‌స్టేగా మార్చడం.

జవాబు 3: డిజైన్ బోధకుడు, విజయవాడ

మీరు గమనించిన ఆ రెండో విషయాన్నే గైడ్‌ను నేరుగా అడగండి. అన్నదమ్ముల మధ్య వాటాలు పడి, సగం ఇంట్లో తాళం వేలాడుతూ, మిగతా సగంలో ఒక కుటుంబం కాపురం ఉంటున్న లోగిలికి హోమ్‌స్టే సమాధానం కాదు. ఆ కుటుంబం ఏ ఖర్చు భరించగలదు, కప్పులో ఏ భాగాన్ని ఈ ఏడాదే సరిచేయాలి, ఏది ఆగగలదు అని తేల్చే ప్రతిపాదనను జ్యూరీకి అంగీకరిస్తారా లేదా అన్నది ముందే తెలుసుకోవడం మేలు. అంగీకరిస్తామంటే సందేహం లేకుండా అదే తీసుకోండి. తరువాత పరిరక్షణలో ఎంఆర్క్ (పీజీ) చేయాలనిపిస్తే గేట్ పరీక్ష రాసి, ఢిల్లీ, భోపాల్‌లలోని ఎస్‌పీఏలకు (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లకు) దరఖాస్తు చేసుకునే వీలూ ఉంది.

మరొక మాట. ఏడో సెమిస్టరు వానాకాలంలో వస్తుంది. గోదావరికి వరద వస్తే లంక గ్రామాలకు రాకపోకలు ఆగిపోతాయి కనుక, ఏటిగట్టుకు ఇవతల ఉన్న ఊళ్ళో ఇల్లు ఎంచుకోమని మీ గైడ్‌కు చెప్పండి. టేపు, ఒలంబం పట్టుకుని చేసే కొలతల పనిని దసరా సెలవులకు వాయిదా వేసుకున్నా, ఒక్కసారి మాత్రం ఆగస్టులో, వర్షం కురుస్తున్నప్పుడే వెళ్ళి రండి. కప్పు ఎక్కడ కారుతోందో ఆ గంటలో గుర్తించి ప్లాను మీద రాసుకోవచ్చు.