గోల్ఫ్‌లో హ్యాండికాప్ 4 (అంకె తగ్గేకొద్దీ మంచి ఆట): బ్లేడ్లకు మారాలా, క్యావిటీ బ్యాక్‌లోనే ఉండాలా?

లోఫ్ట్34

ఇప్పుడున్నవి ఫోర్జ్‌డ్ (కొట్టి మలిచిన) క్యావిటీ బ్యాక్‌లు (వెనక తొలిచిన ఐరన్ క్లబ్బులు; తొలవని సన్నటివి బ్లేడ్లు), 4 ఐరన్ నుంచి పిచింగ్ వెడ్జ్ దాకా. 7 ఐరన్ లోఫ్ట్ (ఫేస్, అంటే బంతికి తగిలే ముఖం, వాలు) 34 డిగ్రీలు, క్యారీ (బంతి గాలిలో పోయే దూరం) 160 యార్డులు. ఫేస్ మీది గ్రూవ్‌లు (గీతలు) అరిగిపోయాయి కాబట్టి సెట్ ఎలాగూ మార్చాలి. షార్ట్ ఐరన్లతో ఇబ్బంది లేదు. 4, 5 ఐరన్లలో మాత్రం తప్పిన బంతి ఎక్కువగా టో (హెడ్ చివర) వైపు తగిలి, దూరం తగ్గి కుడివైపు పడుతోంది (కుడిచేతి ఆట).

రెండు సందేహాలు. బ్లేడ్, క్యావిటీ బ్యాక్ డెమో 7 ఐరన్లు తీసుకుని లాంచ్ మానిటర్ (బంతి వేగం, స్పిన్ కొలిచే యంత్రం) మీద కొట్టి చూస్తే తేలిపోతుందా? బ్లేడ్‌తో డ్రా (ఎడమకు వంగే షాట్), ఫేడ్ (కుడికి వంగేది) కొట్టడం నిజంగానే తేలికా? "5 లోపు హ్యాండికాప్ అయితే బ్లేడ్లే" లాంటి సూత్రాలు వద్దండీ, కారణాలు చెప్పండి.

గ్రూవ్‌లెక్క

7 ఐరన్ ఒక్కదానితో తేలదండీ. ఆ క్లబ్‌తో మీ స్థాయి ఆటగాళ్లు బంతిని దాదాపు ఫేస్ మధ్యలోనే కొడతారు, అందుకే ఏ హెడ్ అయినా బాగానే అనిపిస్తుంది. అసలు తేడా 5 ఐరన్‌లో బయటపడుతుంది. డెమోకి 5, 8 అడిగి తీసుకోండి.

దానికంటే ముందు మీ పాత 5 ఐరన్‌తోనే ఒక పని చేయండి. పాదాలకు కొట్టుకునే పౌడర్ స్ప్రే ఫేస్ మీద పల్చగా కొట్టి, 15 బంతులు కొట్టండి. ప్రతి బంతి తర్వాత తుడిచి మళ్లీ స్ప్రే చేయాలి, లేకపోతే గుర్తులు ఒకదానిమీద ఒకటి పడి ఏదీ తెలియదు. తెల్లటి పొర మీద గుండ్రటి మచ్చ, అందులో బంతి డింపుల్స్ అచ్చు స్పష్టంగా కనిపిస్తాయి. ఆ మచ్చ నడిమికి, గ్రూవ్‌ల నడిమికి మధ్య ఎన్ని మిల్లీమీటర్లో స్కేలుతో కొలిచి రాసుకోండి. ఎత్తు కూడా రాయండి: కింది నుంచి ఎన్నో గ్రూవ్ అన్నది చాలు. స్ప్రే ఉన్నప్పుడు స్పిన్ అంకెలను నమ్మొద్దు, పొడి వల్ల అవి మారిపోతాయి. స్పిన్ చూడాలంటే ఫేస్ శుభ్రంగా తుడిచి వేరే బంతులు కొట్టండి.

ఇప్పుడు ఆ గుర్తులు ఏ దిక్కుకు చెదిరాయో చూడండి. తీర్పంతా దానిలోనే ఉంది. క్యావిటీ బ్యాక్ వెనక తొలిచి తీసిన లోహాన్ని హీల్‌కీ (షాఫ్ట్ వైపు కొసకు) టోకీ పంచుతారు. దాంతో బంతి పక్కకు తగిలినా హెడ్ తక్కువగా మెలి తిరుగుతుంది. 1982లో వచ్చిన పింగ్ కంపెనీ ఐ2 ఐరన్లు అంతగా ఆదరణ పొందడానికి మూలం ఇదే. బ్లేడ్‌లో బరువు నడిమిలో దగ్గరగా ఉంటుంది కాబట్టి టోకి తగిలితే ఫేస్ తెరుచుకుంటుంది, బంతి వేగం పడిపోతుంది, కుడికి పోతుంది. మీరు చెప్పిన లక్షణం అచ్చం ఇదే, బ్లేడ్‌తో ఇంకా పెరుగుతుంది. పైగా చాలా బ్లేడ్లలో స్వీట్ స్పాట్ గ్రూవ్‌ల నడిమికంటే కాస్త హీల్ వైపే ఉంటుంది. అంటే కంటికి నడిమిలా కనిపించే చోట తగిలినా అది కొంత టో దెబ్బే.

గుర్తులు పైకీ కిందికీ చెదిరితే మాత్రం కథ వేరు. థిన్ (ఫేస్ కింది అంచున తగిలేవి), ఫ్యాట్ (బంతికంటే ముందు నేలను తాకేవి) షాట్లను క్యావిటీ పెద్దగా కాపాడదు. అక్కడ పనికొచ్చేవి సోల్ (హెడ్ అడుగు) వెడల్పు, బౌన్స్ (నేలలో దిగబడకుండా అడుగుకు ఉండే కోణం), బరువు ఎంత కిందికి ఉందన్నది. అలాంటి ఆటగాడు క్యావిటీ కోసం డబ్బు పెట్టి సన్నటి సోల్ కొనుక్కుంటే లాభం లేదు.

నా కొలమానం: 5 ఐరన్‌తో 15లో 11, 12 గుర్తులు నడిమి నుంచి 7 మిల్లీమీటర్ల లోపు ఉంటే బ్లేడ్ గురించి ఆలోచించవచ్చు. టో వైపు 12 మిల్లీమీటర్లు దాటినవి మూడు నాలుగున్నా ఆ క్లబ్ క్యావిటీ బ్యాకే ఉండాలి. మరో మాట, టో దెబ్బలకు హెడ్‌ను మాత్రమే తప్పుపట్టకండి. బంతికి ఎంత దూరంలో నిలబడుతున్నారు, క్లబ్ పొడవు మీకు సరిపోతోందా అన్నవి ముందు చూపించుకోండి.

వర్క్‌బెంచ్

పైన చెప్పినదానికి నాలుగు మాటలు కలుపుతాను. డెమోల్లో ఎక్కువ మంది బోల్తాపడేది లోఫ్ట్ దగ్గర. బ్లేడ్ 7 ఐరన్ 34-35 డిగ్రీలు ఉంటుంది. దూరం కోసం చేసిన ప్లేయర్స్ మోడళ్లు 30-31కి వచ్చేశాయి. ఆ నాలుగు డిగ్రీలంటే ఒక క్లబ్ తేడా. "క్యావిటీ 12 యార్డులు ఎక్కువ పోయింది" అన్నప్పుడు నిజానికి మీరు 6 ఐరన్‌తో 7 ఐరన్‌ను పోలుస్తున్నారు. లోఫ్ట్, పొడవు, షాఫ్ట్ మోడల్, దాని బరువు, ఈ నాలుగూ ఒకటయ్యాకే హెడ్ల గురించి మాట్లాడాలి. క్లబ్ మీద ముద్రించిన అంకెను నమ్మకుండా గేజ్ మీద లోఫ్ట్ కొలిపించండి, ఒక డిగ్రీ అటూఇటూ ఉండటం మామూలే.

కొట్టేటప్పుడు రెండు క్లబ్బులనూ మూడేసి బంతులకు మార్చుతూ కొట్టండి. ఒకటే పట్టుకుని 20 కొడితే చెయ్యి దానికి అలవాటు పడిపోతుంది. మీరు ఆడే బంతే వాడండి. చెడ్డ షాట్లను లెక్కలోంచి తీసేయొద్దు, మీరు వెతికేది వాటినే. సగటు క్యారీ కాదు, అతి పొట్టి షాట్‌కీ అతి పొడుగు షాట్‌కీ మధ్య దూరం చూడండి. 5 ఐరన్‌కి దిగే కోణం కూడా చూడాలి. 45 డిగ్రీలకు బాగా తగ్గితే గట్టి గ్రీన్ మీద బంతి ఆగదు.

మ్యాట్ మీద మాత్రం తీర్పు ఇవ్వకండి. ఒక అంగుళం వెనక నేలను తాకినా సోల్ మ్యాట్ మీద జారి బంతిని బాగానే పంపిస్తుంది. అదే షాట్ గడ్డి మీద, సన్నటి సోల్ ఉన్న బ్లేడ్‌తో అయితే నేలలోకి దిగబడిపోతుంది. డివట్లు (క్లబ్ తగిలి లేచే గడ్డిముక్కలు) లోతుగా తీసేవాళ్లకు బ్లేడ్ సోల్ పడకపోవడానికి కారణం ఇదే.

మజిల్‌బ్యాక్

బ్లేడ్ పక్షాన కూడా ఎవరో ఒకరు మాట్లాడాలి కదా. మీ రెండో సందేహం నుంచే మొదలుపెడతాను. బంతి వంపు ఫేస్‌కీ, క్లబ్ వచ్చే దారికీ మధ్య కోణం వల్ల వస్తుంది. క్యావిటీ బ్యాక్ దానికి అడ్డుపడదు. ఒకే లోఫ్ట్‌లో, ఫేస్ మధ్యలో తగిలితే రెండు హెడ్లూ దాదాపు ఒకేలా వంచుతాయి. బ్లేడ్‌లో బరువు షాఫ్ట్‌కు దగ్గరగా ఉండటం వల్ల ఫేస్‌ను తిప్పడం చేతికి తేలికగా అనిపిస్తుంది, అంతవరకు నిజం. ఆఫ్‌సెట్ (ఫేస్ షాఫ్ట్ కంటే వెనక్కి ఉండటం) తక్కువ, టాప్‌లైన్ (హెడ్ పై అంచు) సన్నం కాబట్టి ఫేస్ ఎటు చూస్తోందో కంటికి స్పష్టంగా ఉంటుంది. ఫేడ్ కొట్టేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

ఫీల్ విషయంలో మాత్రం బ్లేడ్ వాళ్లు అతిగా చెబుతారు. 1025 లాంటి మెత్తటి కార్బన్ స్టీల్‌తోనే ఫోర్జ్ చేసిన క్యావిటీ బ్యాక్ కూడా నడిమిలో తగిలితే అంతే హాయిగా ఉంటుంది. మనం ఫీల్ అనుకునేదాంట్లో పెద్ద వాటా శబ్దానిది. వెనక మందంగా ఉన్నచోట ఆ శబ్దం బరువుగా వస్తుంది.

బ్లేడ్ వల్ల అసలు లాభం 8 ఐరన్ నుంచి పిచింగ్ వెడ్జ్ దాకా. పల్చటి ఫేస్ ఉన్న హాలో (లోపల బోలుగా ఉండే) హెడ్‌తో ఒక్కోసారి బంతి అనుకోకుండా ఎగిరి గ్రీన్ వెనక్కి పోతుంది. కాస్త రఫ్ (పొడుగు గడ్డి) నుంచి కొట్టినప్పుడు ఫేస్‌కీ బంతికీ మధ్య గడ్డి చేరి స్పిన్ తగ్గితే ఆ తేడా ఇంకా పెద్దదవుతుంది. మందమైన ఫేస్‌తో వేగం అంతగా పైకి కిందికి ఆడదు, సగం స్వింగ్ షాట్లలో కూడా దూరం చెప్పినట్టు వింటుంది. అయితే ఇది హాలో హెడ్లతో పోల్చినప్పుడే. మీ దగ్గరున్నలాంటి ఒకే ముక్క ఫోర్జ్‌డ్ క్యావిటీతో పోలిస్తే తేడా చాలా తక్కువ.

2024లో ప్రొఫెషనల్ గోల్ఫర్ స్కాటీ షెఫ్లర్ సంచి చూడండి. 5 నుంచి పిచింగ్ వెడ్జ్ దాకా టేలర్‌మేడ్ పి7టిడబ్ల్యూ బ్లేడ్లు, వాటి పైన 3, 4 మాత్రం శ్రిక్సన్ జెడ్‌యూ85 యుటిలిటీ ఐరన్లు. అంత కచ్చితంగా కొట్టే ఆయన కూడా లాంగ్ ఐరన్లలో సాయం తీసుకుంటున్నాడు.

లోఫ్ట్34

ధన్యవాదాలు. అంటే 4, 5, 6 క్యావిటీ బ్యాక్, 7 నుంచి బ్లేడ్ అన్న దారి కనిపిస్తోంది. ఆ అతుకు దగ్గర ఏమేం చూసుకోవాలి? నా క్యావిటీ లోఫ్ట్‌లు సంప్రదాయంగానే ఉంటాయి, బ్లేడ్ 7 ఐరన్ 35 అంటున్నారు.

వర్క్‌బెంచ్

6కీ 7కీ మధ్య ఖాళీ ముందు చూడండి. మీ 6 ఐరన్ 30 ఉండి బ్లేడ్ 7 ఐరన్ 35 అయితే మధ్యలో 5 డిగ్రీలు, అంటే 15 యార్డుల దాకా ఖాళీ. మిగతా క్లబ్బుల మధ్య 3, 4 డిగ్రీలే. బ్లేడ్లన్నిటినీ ఒక డిగ్రీ స్ట్రాంగ్ (లోఫ్ట్ తక్కువ) చేయించవచ్చు, లేదా 6ను ఒక డిగ్రీ వీక్ (లోఫ్ట్ ఎక్కువ) చేయించవచ్చు. నేనైతే రెండోదే చేయిస్తాను, ఒక్క క్లబ్‌తో పోతుంది. లోఫ్ట్ ఒక డిగ్రీ తగ్గిస్తే బౌన్స్ కూడా ఒక డిగ్రీ తగ్గుతుంది. బ్లేడ్ సోల్ అసలే సన్నం, 5 డిగ్రీల బౌన్స్‌ను 4కి దించితే తడి నేలలో తవ్వేస్తుంది. ఫోర్జ్‌డ్ హెడ్ రెండు డిగ్రీల దాకా ఇబ్బంది లేకుండా వంగుతుంది. 17-4 స్టీల్‌తో పోతపోసిన హెడ్‌ను అంత వంచనివ్వకండి, హోసెల్ (షాఫ్ట్ దూరే గొట్టం) పగిలే ప్రమాదం ఉంది.

పిచింగ్ వెడ్జ్ ఇప్పుడు 46 నుంచి 47కి వెళ్తుంది కాబట్టి గ్యాప్ వెడ్జ్ (పిచింగ్ వెడ్జ్ తర్వాతిది) 50 ఉంటే 51 చేయించండి.

షాఫ్ట్ రెండు భాగాల్లోనూ ఒకే మోడల్, ఒకే బరువు. స్వింగ్ వెయిట్ (ఊపేటప్పుడు హెడ్ ఎంత బరువుగా తెలుస్తుందన్న కొలత) అన్నీ ఒకటే ఉండాలి, మీకు డి2 అయితే డి2. హెడ్‌లో 2 గ్రాములు ఒక పాయింట్, పొడవు అర అంగుళం మూడు పాయింట్లు. పొడవు మార్చి సరిచేయొద్దు, హోసెల్‌లో బరువు పెట్టి సరిచేయించండి. లై (షాఫ్ట్ నేలతో చేసే కోణం) కూడా కొత్తగా కొలవాలి, రెండు మోడళ్ల ప్రామాణిక లై ఒకటే ఉండాలని లేదు. 7 ఐరన్ ఒక డిగ్రీ నిటారుగా ఉన్నా బంతి ఎడమకు మొదలవుతుంది, ఆ తప్పు స్వింగ్‌లో ఉందనుకుని నెలలు వెతుకుతారు.

కొనేముందు 6, 7 రెండూ పక్కపక్కన నేల మీద ఆనించి పైనుంచి చూడండి. ఆఫ్‌సెట్ తేడా కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తే ఆ రెండు మోడళ్లూ జతకావు. అదే కంపెనీలో ఆ బ్లేడ్‌కు జోడీగా చేసిన క్యావిటీ మోడల్ ఉందేమో చూడండి, చాలా కంపెనీలు ఇప్పుడు ఆ లెక్కతోనే చేస్తున్నాయి.