దేవుడి ముఖం లేకుండా కొండను మాత్రమే గీస్తే అది పూజాపటం అవుతుందా?

మేడిచెట్టు:
జర్మన్ చిత్రకారుడు కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిక్ 1808లో ఒక కొండ శిఖరం గీశాడు. చుట్టూ ఫిర్ చెట్లు, కొనమీద శిలువ, వెనక సూర్యాస్తమయం. దాన్ని బలిపీఠం (చర్చిలో ఆరాధన జరిగే బల్ల) మీద ఉంచే పటంగా క్రిస్మస్ రోజుల్లో తన స్టూడియోలో జనానికి చూపించాడు. మరుసటి నెలలోనే రామ్‌డోర్ అనే విమర్శకుడు విరుచుకుపడ్డాడు. ప్రకృతి దృశ్యం చర్చిలోకి దూరి బలిపీఠం ఎక్కడం ఏమిటని ఆయన అభ్యంతరం.

ఈ గొడవలో ఇప్పుడు అందరూ ఫ్రీడ్రిక్ వైపే. నేను మాత్రం రామ్‌డోర్ మాటలో చాలా నిజం ఉందంటాను. కొండను చూసి ఒళ్లు పులకరించడం వేరు, భక్తి వేరు. భక్తికి ఎదురుగా ఒకరుండాలి. మన శిల్పులు విగ్రహమంతా చెక్కి ఆఖర్న కళ్లు తెరిపించేది అందుకే. లేపాక్షి పైకప్పు మీద కిరాతార్జునీయం ఉంది. కథంతా అడవిలోదే, కానీ మన చూపు నిలిచేది శివుడి మీద, అర్జునుడి మీద.

ఎల్బేతీరం:
నేను డ్రెస్డెన్‌లో ఉంటాను, ఈ పటం ఇక్కడి అల్బర్టీనుమ్ మ్యూజియంలోనే ఉంది. ఫొటోల్లో ఫ్రేమ్ కత్తిరించేస్తారు కాబట్టి సగం సంగతి ఎవరికీ తెలియదు. ఆ బంగారు ఫ్రేమ్ ఎలా ఉండాలో ఫ్రీడ్రిక్కే చెప్పి, క్యూన్ అనే శిల్పితో చెక్కించాడు. పైన వంగిన తాటాకులు, వాటి మధ్య దేవదూతల తలలు. కింద దేవుడి చూపుకు గుర్తుగా త్రికోణంలో కన్ను, దానికి అటూ ఇటూ గోధుమ కంకులు, ద్రాక్షతీగ. అంటే ప్రభు భోజనంలోని రొట్టె, ద్రాక్షరసం.

ఇక శిలువ మీది క్రీస్తు మనవైపు తిరిగి లేడు, అస్తమించే సూర్యుడి వైపు తిరిగి ఉన్నాడు. మీరన్న ‘ఎదురుగా ఒకరు’ ఉన్నాడు, కానీ ఆయన చూపు ఎటుందో మనమూ అటే చూడాలి. నాకు ఇది మామూలు దర్శనం కంటే లోతుగా అనిపిస్తుంది. బండ అంటే విశ్వాసమని, ఎప్పుడూ పచ్చగా ఉండే ఫిర్ చెట్లంటే ఆశ అని ఫ్రీడ్రిక్ తనే రాసుకున్నాడు.

మేడిచెట్టు:
అదే నేనూ అనేది! కన్ను, కంకులు, ద్రాక్షతీగ ఫ్రేమ్ మీద పెట్టాల్సి వచ్చిందంటే కొండ ఒక్కటీ చాలదని ఆయనకూ తెలుసు. పైగా ఆ పటాన్ని కొన్న దొర, టెట్షెన్ అనే ఊళ్లోని తన కోటలో భార్య పడకగదిలో తగిలించాడు, ప్రార్థనా మందిరంలో కాదు.

పిచ్చుకగూడు:
యూరప్ సంగతి అంతేలెండి. ఆసియాలో ప్రకృతే దైవం కాబట్టి చైనా కొండల చిత్రాలన్నీ భక్తి చిత్రాలే కదా?

గంటంసిరా:
కాదండీ. ఈ ‘తూర్పు అంతా ఆధ్యాత్మికం’ అనే మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది. చైనా చిత్రకారుడు ఫాన్ క్వాన్ వెయ్యేళ్ల కిందట గీసిన ‘కొండలు, వాగుల మధ్య బాటసారులు’ తైపేలో ఉంది. రెండు మీటర్లకు పైగా ఎత్తున్న పట్టు మీద చాలా భాగం కొండే, కింద మూలన చీమలంత గాడిదలు. చూస్తే మనిషి తానెంతో తెలుసుకుంటాడు. దాని ముందు ధూపం వెయ్యరు. అది లోకం తీరును ధ్యానించడం, పూజ కాదు.

అసలు తేల్చాల్సింది జపాన్ నాచి జలపాతం పటం దగ్గర. టోక్యో నెజు మ్యూజియంలో ఉన్న 13, 14 శతాబ్దాల నాటి పట్టుచిత్రం అది. నిలువునా చీకటి కొండ, మధ్యలో తెల్లటి ధార, పైన కొండ చాటున సగం కనిపించే చంద్రుడు. ముఖం లేదు, చేతులు లేవు. నాచిలో ఆ 133 మీటర్ల జలపాతమే దైవం. దాని ముందున్న క్షేత్రంలో దేవుణ్ణి ఉంచే గర్భగుడి కూడా లేదు. మేడిచెట్టు గారూ, దీన్ని దృశ్యచిత్రం అంటారా, దేవుడి పటం అంటారా?

మేడిచెట్టు:
దేవుడి పటమే. కానీ కింద చెట్ల మధ్య గుడి కప్పు కూడా గీశారని మర్చిపోకండి. పటం కంటే ముందే అక్కడ పూజ ఉంది, జనం ఉన్నారు. ఫ్రీడ్రిక్ కొండకు ఆ జనం లేరు. తిరుమలనే తీసుకోండి. మెట్టుమెట్టుకీ పసుపు కుంకుమ పెట్టి ఎక్కుతాం, మోకాళ్ల పర్వతం దగ్గర మోకాళ్ల మీద ఎక్కేవాళ్లున్నారు. కొండే ఆదిశేషుడని నమ్ముతాం. అయినా మన ఇళ్లలో స్వామి లేని ఏడుకొండల పటానికి దండ వేస్తున్నామా?

ఎల్బేతీరం:
వెయ్యకపోవడం మన చిత్రకారుల అలవాటు, అంతే. దాన్ని భక్తికే నియమం చెయ్యకండి. మెట్టుకి బొట్టు పెట్టే చెయ్యి కొండ పటానికి పెట్టదని ఎందుకనుకోవాలి? మనవాళ్లెవరైనా శేషాచలాన్ని నాచి పటంలాగా గీస్తే నేను పూజగదిలోనే పెట్టుకుంటాను.