సమ్మర్ ప్రోగ్రాం సాయానికి తహసీల్దార్ సర్టిఫికెట్ ఒక్కటే చాలా?

హాలియా సారు:
అమెరికాలో ఒక యూనివర్సిటీ వేసవిలో నడిపే రెండు వారాల ప్రోగ్రాంకు మా పాప సెలెక్ట్ అయింది. ఫీజు ఆరు వేల డాలర్ల పైనే. ఇంటి పరిస్థితిని బట్టి తగ్గిస్తామన్నారు. నేను గవర్నమెంట్ టీచర్ని. జీతం, కోసిన పన్ను చూపే ఫారం 16 పెట్టాను, ఇంటి లోను, చెల్లెలి పెళ్లి అప్పు అన్నీ రాశాను. తగ్గించింది నాలుగో వంతు. పక్క ఊరి రైస్ మిల్లు ఆయన మీసేవలో లక్షలోపు ఆదాయమని సర్టిఫికెట్ తెచ్చాడు, వాళ్లబ్బాయికి మొత్తం మాఫీ! ఇళ్లు, భూములు చూడకుండా సాయం ఇవ్వకూడదంటాను.

పాలమూరు బిడ్డ:
ఏ భూమి చూడాలి సార్? అచ్చంపేట వైపు మాకు ఎనిమిదెకరాల చెలక ఉంది. బోర్లు వేసి వేసి నాన్న అప్పులపాలయ్యాడు. ఆ భూమి విలువను డాలర్లలో లెక్కేస్తే మేం షావుకార్లం. పత్తికి ధర లేని ఏడాది పెట్టుబడి కూడా రాదు.

కోదాడ కుర్రాడు:
విదేశీ చదువులకు మన తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే ఓవర్సీస్ విద్యానిధికి పెట్టుకోండి, 20 లక్షల దాకా ఇస్తారు.

నాగర్‌కర్నూల్ అమ్మ:
అది పీజీ, పీహెచ్‌డీలకే బాబూ. పైగా ఆదాయం 5 లక్షలు దాటకూడదు. స్కూలు పిల్లల వేసవి ప్రోగ్రాంలకు రాదు.

హాలియా సారు:
తమ్ముడూ, వ్యవసాయ ఆదాయానికి ఇన్‌కం ట్యాక్స్ లేదు, రిటర్న్ అడిగేవారూ లేరు. నా జీతం మాత్రం ప్రతి రూపాయీ కాగితం మీద ఉంది. నిజం దాచలేనివాడికే నష్టం.

పాలమూరు బిడ్డ:
మా నాన్న ముంబైలో మేస్త్రీ దగ్గర కూలి చేసిన రోజులకు ఏ ఫారం ఇస్తారు సార్? మాలాంటి వాళ్లకు తహసీల్దార్ కాగితం తప్ప వేరే దారి లేదు. మిల్లు ఆయన తప్పు చేస్తే ఆయన్ని అడగండి.

కోదాడ కుర్రాడు:
మరి బ్యాంకు స్టేట్‌మెంట్ అడిగితే?

నాగర్‌కర్నూల్ అమ్మ:
డిగ్రీ పిల్లలకు ఎంత సాయం ఇవ్వాలో తేల్చడానికి చాలా అమెరికా కాలేజీలు వాడే సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే ఫారంలో ఆదాయంతో పాటు ఆస్తులు, అప్పులు, వైద్య ఖర్చులు, ఇంట్లో ఇంకెంతమంది చదువుతున్నారో కూడా అడుగుతారు. కానీ నాకు తెలిసిన చాలా ఇళ్లలో అసలు దెబ్బ ఫీజు దగ్గర కాదు. ఫీజు మాఫీ అయ్యాక టికెట్ మాటేమిటి? వీసా ఫీజే 185 డాలర్లు, వీసా రాకపోతే ఆ డబ్బు తిరిగి రాదు. సీటొచ్చిన ఆడపిల్లను అక్కడే ఆపేస్తారు. టెల్యురైడ్ అసోసియేషన్ అనే అమెరికా సంస్థ స్కూలు పిల్లలకు వేసవిలో నడిపే టాస్ ప్రోగ్రాం చూడండి, చదువు, వసతి, భోజనం అన్నీ ఉచితం. వేరే దేశాల పిల్లలూ పెట్టుకోవచ్చు.

హాలియా సారు:
టికెట్ సంగతి తర్వాత. ముందు న్యాయం సంగతి చెప్పండి.

పాలమూరు బిడ్డ:
న్యాయమే చెప్తాను. ఒకటో తారీఖున జీతం పడే ఇంటివాళ్లు కూడా పేదల సాయానికి లైన్లో నిలబడితే మా పిల్లల దాకా ఏం మిగులుతుంది?

హాలియా సారు:
అంటే నీ అభ్యంతరం భూముల లెక్క మీద కాదన్నమాట. నేను అడగడమే తప్పంటున్నావు.

పాలమూరు బిడ్డ:
అవును సార్. మీరు పంపలేకపోవచ్చు, నేను కాదనను. కానీ మీ పాపకు వచ్చే ఏడాదైనా ఇంకో దారి దొరుకుతుంది. మా చెల్లికి ఇది తప్పితే లేదు.

హాలియా సారు:
ఫీజులో మిగతా మూడు వంతులు మా పాప ఎక్కడి నుంచి తెస్తుంది? నేను నెలంతా కష్టపడి సంపాదించే జీతం ఆమెకు శాపమా? మళ్లీ పరిశీలించమని రాస్తున్నాను. మిల్లు ఆయన సర్టిఫికెట్ సంగతి కూడా రాస్తాను.

పాలమూరు బిడ్డ:
మీ అప్పుల గురించి ఎంతైనా రాయండి. సర్టిఫికెట్ సంగతి మాత్రం వద్దు సార్. అక్కడివాళ్లకు మిల్లు ఆయనెవరో, మా నాన్నెవరో తెలియదు. రేపటి నుంచి మన జిల్లాల కాగితం ఏది కనిపించినా అనుమానిస్తారు. మా చెల్లి అదే కాగితంతో అప్లై చేసింది.