చిందరవందర మనిషితో కాపురం: ఇంటిపని చెరిసగం చేసుకుంటే న్యాయమవుతుందా?

రాయగడ క్వార్టర్స్:
ఇద్దరూ ఉద్యోగం చేసే ఇల్లు. ఒకరికి ఎక్కడి వస్తువు అక్కడుండాలి. రెండోవారికి ఆ పట్టింపే లేదు: విప్పిన చొక్కా కుర్చీ మీద, తాగిన గ్లాసు కిటికీలో. పట్టింపు ఎవరికుంటే వాళ్ళే సర్దుకోవాలని పెద్దవాళ్ళు అంటారు. నేను ఒప్పుకోను. పనులన్నీ కాగితం మీద రాసి చెరిసగం చెయ్యాలి. 2024 కాలవినియోగ సర్వేలో ఇంటిపని చేసినవాళ్ళను మాత్రమే లెక్కేసినా, ఆడవాళ్ళు రోజుకు 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు. ఈ తేడా మాటలతో పోదు. మీరేమంటారు?

పర్లాకిమిడి:
కాగితం మంచిదే గానీ పనుల లెక్కతో పంచితే మోసం జరుగుతుందండీ. అంట్లు తోమడం ఒక గీత, ఫ్యాన్ తుడవడం ఒక గీత. పూటకు 25 నిమిషాల చొప్పున రోజుకు రెండుసార్లు తోమితే వారానికి 350 నిమిషాలు. ఫ్యాన్ నెలకోసారి, పావుగంట. వారానికి ఎన్నిసార్లు, ఒక్కోసారి ఎన్ని నిమిషాలు అన్నది ప్రతి గీత పక్కనా రాసి, ఆ నిమిషాలను పంచండి.

ఇంకొకటి. ఒక పనిని ముక్కలు చేసి ఇద్దరికీ పెట్టకండి. బాత్రూమ్ కడగడం ఇద్దరి మీదా ఉందనుకోండి. పొద్దున ఒకరు బ్లీచింగ్ పౌడర్ చల్లి వెళ్తారు. మధ్యాహ్నం రెండోవారు సంగతి తెలియక మరకల మీద ఆసిడ్ పోస్తారు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, చిన్న గదిలో ఊపిరాడదు. బాత్రూమ్ ఒకరిదైతే పూర్తిగా ఒకరిదే: పౌడర్ అయిపోయిందని చూసుకోవడం, కొనడం, కడగడం, బ్రష్ ఆరబెట్టడం దాకా.

బరంపురం బజారు:
కుర్చీ మీద చొక్కా వల్ల ఎవరికీ జబ్బు రాదు. నీట్‌గా ఉండాలన్న కోరిక ఒకరిది, దానికి ఇద్దరూ కూలి కట్టాలంటే ఎలా? సర్దుకునేవాళ్ళు తమ పట్టు కొంత సడలించుకోవాలి. లేదంటే పనమ్మాయిని పెట్టుకోండి.

కోరాపుట్ వాన:
బరంపురం గారూ, చొక్కా సంగతి ఒప్పుకుంటాను. అదే కుర్చీ మీద తడి తువ్వాలుంటే మాత్రం ఒప్పుకోను. న్యాయం తేల్చడానికి సగం కన్నా ముందు చూడాల్సింది తడి, పొడి. పొడి వస్తువు ఎక్కడున్నా అలాగే ఉంటుంది. వారం తర్వాత తీసినా అదే పని. తడిది గంటగంటకూ పని పెంచుతుంది.

రాగి అంబలి కాచిన తపేలా చూడండి. ఖాళీ కాగానే చెంబెడు నీళ్ళు పోసి పది నిమిషాలు వదిలితే పీచుతో రెండు తిప్పులు తిప్పగానే పోతుంది. రాత్రంతా వదిలితే అడుగున జిగురులా ఎండి అతుక్కుంటుంది. ఇనుప పీచుతో గీకాలి. అల్యూమినియం గీతలు పడుతుంది, ఆ గీతల్లో మర్నాటి అంబలి ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. వదిలింది ఒకరు, గీకేది ఇంకొకరు. అన్యాయమంటే అది.

మన కొండల్లో ఆషాఢం, శ్రావణం సంగతి చెప్పక్కర్లేదు. తడి బట్టలు మిషన్‌లో రాత్రంతా ఉంటే ముక్క వాసన, మళ్ళీ ఉతకాలి. తువ్వాలు కుప్పగా ఉంటే నల్ల బూజు చుక్కలు. రంగు బట్ట మీద అవి పోవాలంటే బ్లీచ్ పెట్టాలి, పెడితే రంగు పోతుంది. దొడ్లో గోలెం కూడా ఈ కోవదే. డెంగీ దోమ గుడ్లు నీటి గీతకు కాస్త పైన గోడకు అంటుకుని ఉంటాయి, నీళ్ళు పారబోస్తే పోవు. వారానికోసారి లోపలి గోడ బ్రష్‌తో రుద్దాలి. గుడ్డు దోమవడానికి సుమారు వారం పది రోజులు, అందుకే ఏడు రోజులు దాటనివ్వకూడదు.

కాబట్టి తడి పనుల్లో పట్టింపు ఉంది, లేదు అన్న మాటే రాకూడదు. పర్లాకిమిడి వారు చెప్పినట్టు నిమిషాల లెక్కన పంచండి. పొడి వాటికి ఒక వెదురు గంప చాలు. చిందరవందర మనిషి వస్తువులు హాల్లో ఏవి కనబడ్డా మడతపెట్టకుండా, మాట అనకుండా అందులో వెయ్యండి. అంచు దాకా నిండితే ఖాళీ చేసేది ఆ మనిషే. ఇందులో చెడేవి మూడు. గంప పెద్దదైతే అదే బీరువా అయిపోతుంది, నాలుగైదు జతల బట్టలు పట్టేది చాలు. తడిది పొరపాటున వేస్తే మొత్తం కంపు. తాళాలు, మందులు, బిల్లులు అడుక్కి పోతాయి, వాటికి గుమ్మం పక్కన వేరే పళ్ళెం పెట్టండి.

షిఫ్టు మనిషి:
వినడానికి బావుంది గానీ తడి పనికి వేళ ఉంటుంది కదా. ఒకరికి రెండింటి నుంచి పదింటి దాకా షిఫ్టుంటే రాత్రి అంట్లు ఎప్పుడూ రెండోవారివే. నిమిషాలు సగం చేశామని కాగితం చెబుతుంది, సింకు దగ్గర నిలబడేది ఒక్కరే.

కోరాపుట్ వాన:
నిజం. తడిలోనూ రెండు రకాలున్నాయి. అంట్లు, బట్టలు ఆరెయ్యడం వేళకు కట్టినవి. గోలెం, బాత్రూమ్, ఫ్రిజ్ ఏ పూటైనా అవుతాయి. మధ్యాహ్నం షిఫ్టు వారం ఆ మనిషికి రెండో రకం మొత్తం, దాంతోపాటు పొద్దున అంట్లు. షిఫ్టు మారిన వారం తిరగెయ్యండి.

పర్లాకిమిడి:
పనమ్మాయి మాటకు జవాబు మిగిలిపోయింది. ఆమె వచ్చేలోపు కంచాల్లో మెతుకులు తీసి నానబెట్టాలి, నేల మీది బట్టలు ఏరాలి. ఏరకపోతే కొండచీపురు వాటి చుట్టూ తిరుగుతుంది, కింద దుమ్ము అలాగే ఉంటుంది. డబ్బిస్తే చెయ్యి దొరుకుతుంది, గుర్తుపెట్టుకునే పని ఇంట్లోనే ఉంటుంది. ఎవరి నెత్తిన ఎంతుందో తెలియాలంటే మన ఒడిశా రజ పండగ వాడుకోండి. ఆ మూడు రోజులు ఇక్కడ ఆడవాళ్ళు పని ముట్టని ఆచారం ఎలాగూ ఉంది. ఏమీ చెప్పకుండా ఇల్లు రెండోవారికి అప్పగించి, వాళ్ళు అడిగిన ప్రతి ప్రశ్నా రాసిపెట్టండి. కందిపప్పు ఏ డబ్బాలో ఉంది, గ్యాస్ ఏ నంబరుకు బుక్ చేస్తారు, పాలవాడికి ఎంతివ్వాలి.

బరంపురం బజారు:
తడి విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. గంప నిండినా ఖాళీ చెయ్యకపోతే?

కోరాపుట్ వాన:
గంప ఆ మనిషి పడుకునే వైపు మంచం పక్కకు జరపండి. హాల్లో రెండో గంప మాత్రం పెట్టొద్దు.

రాయగడ క్వార్టర్స్:
కాగితం చించి మళ్ళీ రాస్తున్నాను. నిమిషాలు, వేళ, తడి-పొడి మూడు గళ్ళు. రజ ప్రశ్నలకు నాలుగోది గీస్తాను.